పిర్ర లోపల పట్టేసిన కండరం, పిక్క దాకా గుంజే నొప్పి

మా సొసైటీ తరఫున జరిగే ఆరోగ్య శిబిరాల్లో షుగరు, బీపీల తర్వాత మేము ఎక్కువగా వినే మాట ఒకటుంది. "పిర్రల కాడ షురూ అయ్యి పిక్క దాకా గుంజుతుంది సార్, కూసుంటే లేవనియ్యదు." చెప్పేవారి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో నడుము ఎక్స్‌రేలు, కొందరి దగ్గర వేలు పోసి తీయించిన ఎమ్మారై ఫిలిములు, సగం వాడి వదిలేసిన మాత్రల పట్టీలు. "ఎక్కడ నొప్పి?" అని అడిగితే వాళ్ల చెయ్యి నడుము మీదికి పోదు. బొటనవేలితో పిర్ర నడుమ ఒక చోట గుచ్చి చూపిస్తారు. ఇన్నాళ్లలో ఆ చోట చెయ్యి పెట్టి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే చాలామంది లేరనే అంటారు.

ఈ వ్యాసం వాళ్ల కోసం రాస్తున్నాం. మా ఆరోగ్య కమిటీలో ఒకరు ఫిజియోథెరపీ చదివినవారు. మిగిలినవాళ్లం ఆయన పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవాళ్లం. ఇక్కడ రాసింది డాక్టరు స్థానంలో పనికొచ్చేది కాదు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు ఇంట్లోనే ఓపిక పట్టాలి, ఎప్పుడు సూది వద్దనాలి అనేది తెలుసుకోవడానికి పనికొస్తుంది.

ముందు లోపల ఏముందో చూద్దాం. మన శరీరంలో అన్నిటికంటే లావైన నరం సయాటిక్ నరం. తెలుగులో తుంటి నరం అంటున్నారు. ఇంచుమించు చిటికెన వేలంత లావుంటుంది. నడుము కింది భాగంలో చివరి రెండు వెన్నుపూసల దగ్గరనుంచి, దాని కింద ఉండే త్రికాస్థి నుంచి వచ్చే ఐదు నరాల వేర్లు కలిసి ఈ ఒక్క నరమవుతాయి. అది కటి ఎముకలోని ఒక పెద్ద సందులోంచి పిర్రలోకి వచ్చి, తొడ వెనకగా దిగి, మోకాలి దగ్గర రెండుగా చీలి పాదం దాకా పోతుంది. పిర్రలోకి అడుగుపెట్టే చోట దాని పైన అడ్డంగా ఒక కండరం ఉంటుంది. అదే పిరిఫార్మిస్. లాటిన్‌లో ఆ మాటకు పియర్ పండు ఆకారం అని అర్థం, మన ఇళ్లలో అనే నాష్‌పాతీ అన్నమాట. వెడల్పు భాగం త్రికాస్థి లోపలి ముఖానికి అతుక్కుని ఉంటుంది. సన్నని కొస బయటికి వచ్చి, తొడ ఎముక పైన పక్కన చేతికి తగిలే గుబ్బకు పట్టుకుని ఉంటుంది. నిలబడి ఉన్నప్పుడు కాలును బయటికి తిప్పడం, కూర్చున్నప్పుడు మోకాలిని పక్కకు తెరవడం దీని పని. ఆటో దిగేటప్పుడు ఒక కాలు బయటికి వేస్తామే, ఆ కదలికలో ఇది పనిచేస్తుంది.

చిన్న కండరమే. పైన పెద్ద పిర్ర కండరం కప్పి ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు, పైపైన తడిమితే తెలియదు. కానీ దీనికీ నరానికీ మధ్య చోటు చాలా తక్కువ. దెబ్బ తగిలి గానీ, అదే పనిగా కూర్చుని గానీ, మోయలేని బరువు మోసి గానీ ఈ కండరం బిగుసుకుంటే కింద ఉన్న నరం ఒరుసుకుంటుంది. నరానికి ఒరుపు తగిలిన చోటు పిర్రే అయినా మెదడుకు అది కాలు మొత్తం నొప్పిగానే అందుతుంది. పిక్కను ఎంత పిసికినా తగ్గకపోవడానికి కారణం ఇదే. కొందరిలో నరం కండరం కిందుగా కాకుండా దాన్ని చీల్చుకుని పోతుందని శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు 1930లలోనే కోసి చూసి రాశారు. అలా ఉన్నవాళ్లందరికీ నొప్పి వస్తుందని మాత్రం అనుకోకూడదు, రానివాళ్లూ బోలెడుమంది.

ఈ కండరానికీ సయాటికాకూ సంబంధం ఉండవచ్చునని 1928లో యోమన్ అనే వైద్యుడు రాశాడు. 1947లో రాబిన్సన్ దానికి పిరిఫార్మిస్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. ఆ చోట నరాన్ని నొక్కేవి ఇంకా కొన్ని ఉన్నాయి కాబట్టి ఇప్పటి వైద్యులు కొందరు ఇంకా విశాలమైన పేరు వాడుతున్నారు. కాలు గుంజే నొప్పి మాత్రం అంతకంటే ఎంతో పాతది. యునానీ హకీములు దీన్ని ఇర్ఖున్నసా అంటారు. "నసా" అన్నది అరబీలో ఆ నరం పేరు. మనవాళ్లు పలకడంలో అది "నిసా" అయిపోయి, నిసా అంటే స్త్రీలు కాబట్టి ఇది ఆడవాళ్ల జబ్బు అని ఒక అపోహ పుట్టింది. ఒక పెద్దాయన మూడు నెలలు ఎవరికీ చెప్పుకోకుండా ఓర్చుకున్నారు. కారణం అడిగితే, "అది ఔరతులకొచ్చే బీమారీ కదా బేటా" అన్నారు. మగవాళ్లకూ వస్తుంది, నిక్షేపంగా వస్తుంది.

నడుము నుంచా, పిర్ర నుంచా?

ఒక మాట దాచకుండా చెప్పాలి. కాలు గుంజే నొప్పుల్లో ఎక్కువ భాగం నడుములోని డిస్కు వల్ల వచ్చేవే. పిర్ర కండరం వల్ల వచ్చేవి తక్కువ. ఎంత తక్కువ అన్న దాని మీద వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు, ఎందుకంటే దీన్ని ఖాయం చేసే ఒక్క రక్త పరీక్ష గానీ ఒక్క ఫొటో గానీ లేదు. మిగతావి కాదని తేల్చుకున్నాకే ఇది అనుకోవాలి. ఇక్కడే మన పేదవాళ్లు నష్టపోతున్నారు. ఎమ్మారైలో డిస్కు కొంచెం ఉబ్బినట్టు కనబడితే చాలు, నొప్పంతా దానిదే అనుకుంటారు. నిజానికి ఏ నొప్పీ లేని నలభై, యాభై ఏళ్ల మనిషిని పడుకోబెట్టి ఎమ్మారై తీసినా అలాంటి ఉబ్బు చాలామందిలో కనబడుతుంది. ఫిలిములో ఉన్నదీ మనిషి చూపిస్తున్న చోటూ కలిస్తేనే దానికి విలువ.

డిస్కు నొప్పి సాధారణంగా నడుములో మొదలవుతుంది. దగ్గినా, తుమ్మినా, దొడ్డికి కూర్చుని ముక్కినా కాల్లోకి జివ్వున లాగుతుంది. పిర్ర కండరం నొప్పికి నడుములో పెద్దగా ఏమీ ఉండదు. గట్టి బల్ల మీద పావుగంట, అరగంట కూర్చుంటే మొదలవుతుంది, లేచి నాలుగడుగులు వేస్తే తేలికవుతుంది. నొప్పి ఉన్నవైపు పిర్ర ఎత్తిపెట్టి, రెండోవైపు వాలి కూర్చోవడం వీళ్లకు అలవాటైపోతుంది. త్రికాస్థి అంచుకూ, తొడ పక్కన గుబ్బకూ మధ్య లోతుగా వేలితో నొక్కితే "అదే, అక్కడే" అంటారు. కాలు మీద కాలు వేసుకున్నా, మోకాలిని ఎదుటి భుజం వైపు తెచ్చినా నొప్పి రేగుతుంది. మెట్లు ఎక్కడం, బైకు మీదికి కాలు విసిరి ఎక్కడం కూడా కష్టమవుతుంది.

నొప్పి పిర్రలో కాక ముందువైపు గజ్జల్లో ఉంటే అది తుంటి కీలుది కావచ్చు. చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు మింగిన యువకుల్లో తుంటి బంతి ఎముక దెబ్బతిని అలాంటి నొప్పి వస్తుంది. రెండు పాదాల్లోనూ మంటలు, తిమ్మిర్లు ఉంటే ముందు షుగరు చూపించుకోవాలి. ఒక కాలి వెంట మంటతో నీటి పొక్కులు వరసగా లేస్తే అది సర్పి.

నల్లగొండ జిల్లావారికి ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పాలి. మన నీళ్లలోని ఫ్లోరైడు సంగతి లోకమంతా తెలుసు. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో గుర్తించారు. మన జిల్లాలోని జబ్బు మీద ఏ.హెచ్. సిద్దిఖీ గారు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. ఏళ్ల తరబడి ఆ బోరు నీళ్లు తాగినవారికి వెన్నుపూసల చుట్టూ ఉండే నారలు సున్నంలా గట్టిపడతాయి, నరాల దారులు ఇరుకవుతాయి. వాళ్లకూ కాళ్లు గుంజుతాయి, తిమ్మిర్లెక్కుతాయి. అయితే వాళ్ల నడుము వంగదు, మెడ తిరగదు, పక్కకు చూడాలంటే మొత్తం మనిషి తిరగాలి. మర్రిగూడ, చండూరు వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లు కాలు నొప్పి అంటే మేము మొదట అడిగేది, "నేలమీది నాణెం వంగి తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా?" అని. చేయలేకపోతే కింద చెప్పబోయే వ్యాయామాలు వాళ్లకు చెప్పం. డాక్టరు ముంజేయి ఎక్స్‌రే కూడా తీయిస్తారు, అక్కడి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడిన గుర్తు కనబడుతుంది. బిగుసుకున్న వెన్నును బలవంతంగా వంచడం, తొక్కించడం వాళ్లకు ప్రమాదం. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. వయసులో ఉన్నప్పుడు బోరు నీళ్లతో పట్టిన ఎముక మాత్రం నీళ్లు మారితే వెనక్కి మారదు.

కూర్చునే తీరు

పాలమూరు, నల్లగొండల్లో మనవాళ్ల బతుకుతెరువులు చూస్తే ఈ నొప్పి ఎందుకింత మందికి వస్తున్నదో అర్థమవుతుంది. షేరింగ్ ఆటో నడిపే తమ్ముళ్లనే తీసుకుందాం. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్‌కు పోయే ఆటో చూడండి. వెనక సీటు నిండాక డ్రైవరుకు కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు. మధ్యలో డ్రైవరు ఒక్క పిర్ర మీద, అదీ సీటు అంచు మీద, నడుము మెలితిప్పుకుని కూర్చుంటాడు. రోజుకు పది గంటలు అలా కూర్చుంటే బరువంతా ఒక్క కండరం మీదే. పైగా గుంతల రోడ్డు. ఇలాంటి ఒక తమ్ముడు శిబిరానికి వచ్చాడు. ఎడమ పిర్ర నుంచి మడమ దాకా మంట. నడుముకు బెల్టు కొన్నాడు, ఐదారు సూదులు వేయించుకున్నాడు, ఆటో అమ్మేద్దామా అన్న దాకా వచ్చాడు. ఆటోలో ఎలా కూర్చుంటాడో మా ముందు కుర్చీలో కూర్చుని చూపించమన్నాం. చూపించాడు, చూపిస్తూ తనే నవ్వాడు. వెనక జేబులోంచి పర్సు తీయమంటే ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, చిట్టీల కాగితాలు, ఫొటోలు అన్నీ కలిపి రెండు వేళ్ల మందం ఉంది. అది ఎడమ జేబే.

పర్సు సంగతి నవ్వులాట కాదు. వెనక జేబులో క్రెడిట్ కార్డులు కుక్కిన పర్సు మీద కూర్చోవడం వల్ల సయాటికా వచ్చిన మనిషి గురించి 1978లోనే అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. ఇప్పుడు పర్సుకు తోడు సెల్‌ఫోను కూడా వెనక జేబులోకే చేరింది. రెండూ చొక్కా జేబులోకో, ఆటో డబ్బాలోకో పోవాలి. ఖర్చు లేని వైద్యం ఇదొక్కటే, అందుకే ఎవరూ నమ్మరు.

పంక్చరు షాపుల్లో, మెకానిక్ షెడ్లలో మన పిల్లలు పొద్దంతా గొంతుకూర్చుని పనిచేస్తారు. జానెడు ఎత్తు పీట ఒకటి వేసుకుని, అరగంటకొకసారి లేచి నిలబడితే చాలా తేడా ఉంటుంది. ఇంట్లో కుట్టుమిషను తొక్కే చెల్లెళ్లు ఒకే కాలితో పెడలు తొక్కుతారు, తుంటి మెలిపడుతుంది. మిషనుకు ఎదురుగా నిటారుగా కూర్చుని రెండు పాదాలూ పెడలు మీద ఉంచాలి, పండుగ ముందు గిరాకీ ఎంత ఉన్నా గంటకోసారి లేవాలి. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బస్తా మోసే హమాలీలది వేరే బాధ. భుజం మీద బరువుతో ఒక్కసారిగా కాలు తిప్పుతారు. పాదం అక్కడే ఉంచి నడుము తిప్పవద్దు, పాదాలతో సహా మొత్తం మనిషి తిరగాలి. ఇక పాలమూరు కూలీలు. ప్రాజెక్టులూ కాలువలూ తవ్విన చేతులు వాళ్లవి. ముంబయికి, పుణెకు రాత్రంతా బస్సులో ముడుచుకుని కూర్చుని పోయి, దిగిన పొద్దే పారపట్టేవాళ్లు. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నడవండని చెప్పడం తప్ప మేమేం చేయగలం!

సూది గురించి

ఈ ఒక్క విషయం కోసమైనా ఈ వ్యాసం దాచిపెట్టుకోండి. నొప్పి అనగానే ఊళ్లో పిర్రకు ఒక సూది వేస్తారు. తుంటి నరం పోయేది కూడా ఆ పిర్రలోంచే. పిర్రను మనసులో ఒక ప్లస్ గుర్తుతో నాలుగు భాగాలు చేస్తే, పైన బయటివైపు ఉన్న ఒక్క భాగమే కొంత నయం. మధ్యకు గానీ, కిందికి గానీ జరిగితే సూది నరానికే తగలవచ్చు. తగిలితే ఆ క్షణమే కరెంటు షాకు కొట్టినట్టు పాదం దాకా లాగుతుంది. కొందరికి పాదం పైకి లేవకుండా వాలిపోతుంది. పిల్లల్లో, బక్కపలచని మనుషుల్లో కండ తక్కువ కాబట్టి ముప్పు ఎక్కువ. నరం నొప్పి తగ్గించుకోవడానికి వెళ్లి ఆ నరానికే గాయం చేయించుకుని వచ్చినవాళ్లను మేము చూశాం.

కాబట్టి మాత్రతో పోయేదానికి సూది అడగకండి. డాక్టరు తప్పదంటే తొడ బయటివైపు గానీ, చేతికి గానీ వేయవచ్చేమో అడగండి. అడగడం తప్పు కాదు. సూది గుచ్చగానే కాల్లోకి జివ్వుమంటే వెంటనే "ఆపండి" అనాలి, మర్యాదకు ఓర్చుకోకూడదు. పిల్లవాడు సూది తర్వాత కాలు ఈడ్చి నడుస్తుంటే రెండు రోజులు చూద్దాంలే అనుకోవద్దు, అదే రోజు జిల్లా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మాత్రల సంగతి క్లుప్తంగా. పారాసిటమాల్ చెప్పిన మోతాదులో కొద్దిరోజులు వాడవచ్చు. డైక్లోఫెనాక్ లాంటివి డాక్టరు చెప్పినన్ని రోజులే. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, బీపీ, గుండె జబ్బు ఉన్నవారు అడగకుండా అస్సలు వద్దు. నరాల మాత్రలని ఇచ్చేవాటిలో కొన్ని మత్తు తెస్తాయి, ఆటో, లారీ నడిపేవారు తమ పని ఏమిటో డాక్టరుకు ముందే చెప్పాలి.

మన చేతిలో ఉన్నది

నొప్పి రేగిన మొదటి రెండు మూడు రోజులు సాగదీయడాలేవీ వద్దు. అలాగని మంచం కూడా పట్టవద్దు. ఇంట్లోనే కాసేపు నడుస్తూ, కాసేపు పడుకుంటూ ఉండాలి. పక్కకు తిరిగి పడుకుని, నొప్పి ఉన్న కాలు పైకి ఉంచి, రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే రాత్రి నిద్ర పడుతుంది. నవారు మంచం కుంగి తొట్టెలా అయితే కింద బొంత వేసుకోవడమే మేలు. వేడినీళ్ల సంచి గుడ్డలో చుట్టి పిర్ర మీద పావుగంట పెట్టవచ్చు. షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లు కాపడం వేడిని ఇంకొకరి చేత చూపించుకోవాలి, తెలియకుండానే కాలుతుంది.

తర్వాత సాగదీత. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ ముడవండి. నొప్పి ఉన్న కాలి మడమను రెండో కాలి మోకాలి మీద అడ్డంగా వేయండి, పైనుంచి చూస్తే నాలుగు అంకెలా ఉంటుంది. ఇప్పుడు కింద ఉన్న కాలి తొడను రెండు చేతులతో పట్టి మెల్లగా ఛాతీ వైపు లాక్కోండి. పిర్ర లోపల సాగుతున్నట్టు తెలుస్తుంది. ఊపిరి బిగపట్టకుండా ముప్పై లెక్కపెట్టేంతసేపు ఆగి వదలండి. మూడు సార్లు, పొద్దున, సాయంత్రం. తొడ చేతికి అందకపోతే తువ్వాలు తొడ చుట్టూ వేసి లాక్కోవచ్చు. కింద పడుకోలేనివారు కుర్చీలో కూర్చుని అలాగే మడమను మోకాలి మీద వేసుకుని, వీపు వంచకుండా ముందుకు వాలితే అదే పని జరుగుతుంది. ఆటో స్టాండులో సీరియలు కోసం ఎదురుచూసేటప్పుడు చేసుకోవడానికి ఇదే వీలు. ఇంకొకటి: వెల్లకిలా పడుకుని నొప్పి ఉన్నవైపు మోకాలిని ఎదుటి భుజం వైపు మెల్లగా తెచ్చి ఆపడం. ఇది కొందరికి మొదట్లో నొప్పి రేపుతుంది, అలాంటివారు వారం ఆగి మొదలుపెట్టాలి.

గుర్తు ఒకటే. పిర్రలో తియ్యటి లాగుడు ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. పాదంలోకి తిమ్మిరి, మంట దిగితే ఎక్కువైనట్టు, అక్కడే ఆపాలి. తొందరపడి ఒక్కరోజులో యాభైసార్లు చేసి, రెండోరోజు లేవలేక మమ్మల్ని తిట్టినవారు ఉన్నారు.

బంతితో నొక్కుకోవడం కూడా పనిచేస్తుంది. పిల్లలు గల్లీలో ఆడే టెన్నిస్ బంతి చాలు. గోడకు పిర్ర ఆనించి మధ్యలో బంతి పెట్టి, నొప్పి చోట ఒక నిమిషం మెత్తగా నొక్కి ఉంచాలి. బంతి మీద కూర్చుని బరువంతా వేయవద్దు, నలిగేది నరం.

సాగదీయడంతో పని పూర్తి కాదు. తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉంటే ఆ భారం మళ్లీ ఈ చిన్న కండరం మీదే పడుతుంది. అందుకని పది రోజులయ్యాక రెండు బలం పెంచేవి కలపాలి. పక్కకు పడుకుని, మోకాళ్లు ముడిచి, మడమలు కలిపే ఉంచి పై మోకాలిని గవ్వ తెరిచినట్టు పైకెత్తి దించడం ఒకటి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముడిచి, పాదాలు నేలకు ఆనించి నడుమును పైకెత్తి ఐదు లెక్కపెట్టి దించడం రెండోది. పదేసి చొప్పున మొదలుపెట్టండి. ఫజర్ తర్వాత అరగంట నడక అలవాటున్నవారు ఇంటికొచ్చి, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడే ఇవి చేసుకుంటే బాగుంటుంది.

చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో తేడా తెలుస్తుంది. కూర్చునే తీరు మార్చకుండా వ్యాయామం మాత్రమే చేసినవారికి తెలియదు. ఆరు వారాలు నిజాయతీగా చేసినా తగ్గకపోతే ఎముకల డాక్టరునో, నరాల డాక్టరునో కలవాలి. స్కానింగులో చూస్తూ ఆ కండరంలోకే మందు ఎక్కించే పద్ధతి పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. ఆపరేషను దాకా పోయేది చాలా అరుదు.

నమాజు విషయం మమ్మల్ని తరచుగా అడుగుతారు. రుకూలో, సజ్దాలో చాలామందికి పెద్ద ఇబ్బంది ఉండదు, ఖాయిదాలో కూర్చున్నప్పుడే మంట లేస్తుంది. మగవారు ఎడమ పాదం మీద కూర్చుంటారు, మన ఇళ్లలో ఆడవారు ఎడమ పిర్ర మీద బరువు వేసి కాళ్లు కుడివైపుకు తీస్తారు. నొప్పి ఎడమవైపే అయితే బరువు సరిగ్గా దాని మీదే పడుతుంది. వైద్యం వైపు నుంచి మేము చెప్పేది, నొప్పి తగ్గేదాకా ఆ భంగిమలో బలవంతంగా కూర్చోవద్దని. జబ్బు మనిషికి షరీఅత్‌లో వెసులుబాటు ఉంది. కింద వేరే విధంగా కూర్చోవాలా, కుర్చీ వేసుకోవాలా, కుర్చీలో సజ్దా ఎలా చేయాలి అన్నవి ఇమాము సాహెబును అడగండి, మా మాట మీద చేయవద్దు. తరావీహ్‌లో ఎక్కువసేపు నిలబడేటప్పుడు బరువు ఒక్క కాలి మీదికి వాలకుండా చూసుకోవాలి. కుర్చీ వేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని ఇంట్లోనే నమాజు చేసుకుంటున్న పెద్దవాళ్లను చూస్తే బాధేస్తుంది. దస్తర్‌ఖాన్ దగ్గర బాసింపట్లు, మన వైపు మాటలో సక్లంముక్లం, వేసుకుని గంటసేపు కూర్చోవడం కూడా కొన్నాళ్లు తగ్గించాలి.

హిజామా చేయించుకోవచ్చా అని కూడా అడుగుతారు. బిగిసిన కండరానికి కొందరికి ఉపశమనం కలుగుతున్నదని చెబుతారు. నరం మీద ఒత్తిడి దానితో పోతుందని మేము హామీ ఇవ్వలేం. చేయించుకుంటే బ్లేడు మీ కళ్ల ముందే కొత్త ప్యాకెట్టు చించి తీయాలి, కప్పులు ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడకూడదు. షుగరు ఉన్నవారు, రక్తం పలచబడే మాత్రలు మింగేవారు ముందు డాక్టరును అడగాలి. వాతలు పెట్టించుకోవడం, కాలితో నడుము తొక్కించుకోవడం మాత్రం వద్దే వద్దు.

ఇక పరుగెత్తాల్సిన గుర్తులు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, దొడ్డి మీద పట్టు తప్పినా, జీను మీద కూర్చుంటే ఆనే భాగమంతా మొద్దుబారినా అదే రోజు, అర్ధరాత్రైనా సరే, పెద్దాసుపత్రికి పోవాలి. మడమల మీద నడవమంటే ఒక పాదం లేవకపోయినా ఆలస్యం చేయకూడదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి ఉంటే వెన్ను క్షయ గానీ, ఇంకేదైనా పెద్ద జబ్బు గానీ కావచ్చు. ఇంతకుముందు క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్నవారు, ఎత్తు నుంచి పడ్డవారు ఇంట్లో వ్యాయామాలతో కాలం గడపకూడదు.

ఆ ఆటో తమ్ముడి గురించి చెప్పడం మరిచాం. పర్సు చొక్కా జేబులోకి మారింది. కుడిపక్కన మనిషిని ఎక్కించుకోవడం మానేశాడు, ఎడమపక్కన ఇంకా ఎక్కించుకుంటున్నాడు. "రెండు వైపులా మానేస్తే డీజిల్ పైసలు కూడా రావు సార్" అన్నాడు. నొప్పి సగం తగ్గింది, మడమ దాకా పోయేది ఇప్పుడు తొడ దగ్గరే ఆగుతున్నదట. మిగతా సగం ఆ ఎడమపక్క సీటు కిరాయిలో ఉందని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. వచ్చే శిబిరానికి రమ్మని చెప్పాం.